వెనకాల అడుగుల చప్పుడు

సినిమావాళ్ళు వెతుక్కుంటూ వచ్చిన రోజున ఈల టీచరు ఏడో తరగతి పిల్లల మీద మండిపడుతోంది. కాళ్ళు ఈడ్చుకుంటూ పరిగెత్తడం ఆమెకు గిట్టదు. నేలను తన్నాలి గాని నేలకు ఇస్త్రీ చెయ్యకూడదని రోజుకు పదిసార్లైనా చెబుతుంది. ఆమె అసలు పేరు హాజరు పట్టీలో ఎక్కడో ఉంది. మెడలో ఎప్పుడూ వేలాడే ఈల వల్ల పిల్లలకూ, తోటి టీచర్లకూ, చివరికి హెడ్మాస్టరు గారికి కూడా ఆమె ఈల టీచరే.

వచ్చినవాడు అసిస్టెంటు డైరెక్టరు. గ్రౌండుకు అడ్డంగా నడిచి వస్తుంటే ఆమె ఈల ఊది చుట్టూ తిరిగి రమ్మని చెయ్యి చూపించింది. పాపం, తిరిగే వచ్చాడు. ఆయాసపడుతూనే సంగతి చెప్పాడు. చాలా ఏళ్ళ కిందట ఒలింపిక్సుకు వెళ్ళిన ఇద్దరు ఆడపిల్లల కథ తీస్తున్నారట. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే పందెం. ఒక పిల్ల దేవుణ్ణి తలుచుకోకుండా అడుగు తియ్యదు. రెండో పిల్లకు గెలుపే దేవుడు. ఆ వేషాలు వేస్తున్న అమ్మాయిలిద్దరికీ పరుగు రాదు. ఆరు వారాల్లో నేర్పాలి.

ఆమె కుదరదంది. అప్పటికి బడికి సెలవులే కదా మేడమ్ అన్నాడతను. సెలవుల్లో మోకాళ్ళు నొప్పులంది. అతను ఫోన్ నంబరు రాసి ఇచ్చి, ఈసారి చెప్పించుకోకుండానే గ్రౌండు చుట్టూ తిరిగి వెళ్ళిపోయాడు.

మోకాళ్ళ నొప్పి ఉత్త మాట. అతను చెప్పిన కథ ఇంచుమించు తన కథే. అదీ అసలు సంగతి.

ఇరవై రెండేళ్ళ కిందట టీములో అందరూ ఆమెను పంతం పిల్ల అనేవాళ్ళు. ఆమెది ఎనిమిది వందల మీటర్ల పందెం. గ్రౌండు చుట్టూ రెండు చుట్లు. ఊపిరీ, కాళ్ళూ, బుర్రా మూడూ కూడబలుక్కుని మొండికేసే పందెం అది. అదే పందెంలో ఇంకో పిల్ల ఉండేది. బయలుదేరే గీత దగ్గర మిగతావాళ్ళు కాళ్ళూ చేతులూ విదిలించుకుంటుంటే ఆ పిల్ల కళ్ళు మూసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, పెదవులు మాత్రం కదిలించేది. ఆమెకు భక్తమ్మ అని పేరు పడిపోయింది. వారంలో ఒక పూట ప్రార్థన కోసం ప్రాక్టీసుకు రాదు. మాస్టారు తిట్టినా రాదు. పంతం పిల్ల ఆ పూట కూడా వచ్చేది, పైగా రెండు చుట్లు ఎక్కువ కొట్టేది.

నాలుగేళ్ళ పాటు ఒకసారి ఈమె గెలిస్తే, ఒకసారి ఆమె. నువ్వా నేనా అన్నట్టు సాగింది. అది స్నేహమంటే కాదు, పగ అంటే అదీ కాదు. బస్సులో పక్కపక్కన కూర్చునేవాళ్ళు, ఒకే సీసాలో నీళ్ళు తాగేవాళ్ళు. మాటలు మాత్రం తక్కువ.

ఒలింపిక్సుకు ఒక్కరికే చోటుంది. ఎంపిక పందెంలో ఇద్దరూ ఒక్కసారే గీత దాటినట్టు కనిపించారు. ఫొటో తెప్పించి చూశారు. భక్తమ్మ ఛాతీ వేలెడు ముందుంది.

పంతం పిల్ల ఏడవలేదు. బూట్లు విప్పుకుంటూ మాస్టారుతో ఒకే ఒక్క మాట అంది. "అది దేవుడితో కలిసి ఇద్దరుగా పరిగెత్తింది మాస్టారూ. నేను ఒక్కదాన్నే."

తర్వాత ఆమె మళ్ళీ పందెంలో దిగలేదు. అప్పటిదాకా అమ్మతో పాటు ప్రార్థనకు వెళ్ళే అలవాటుండేది, అదీ మానేసింది. ఆకలి మీద అలిగి అన్నం మానేస్తే మాడేది ఎవరి కడుపే అని అమ్మ నచ్చజెప్పింది. వినలేదు. ఒలింపిక్సు అయిపోయిన కొన్నాళ్ళకు భక్తమ్మ పంతం పిల్ల ఇంటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. పంతం పిల్ల లోపలి గదిలో ఉండి, ఇంట్లో లేనని చెప్పించింది. ఆమె బూట్లు గుమ్మం పక్కనే ఉన్నాయి. భక్తమ్మ వాటి వంక ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఈల టీచరు భర్త పుస్తకాల బైండింగు చేస్తాడు. ఆ సాయంత్రం జిగురంటిన వేళ్ళు కడుక్కుంటూ సినిమావాళ్ళ సంగతి విన్నాడు. పాత కథ కూడా మళ్ళీ విన్నాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో అది ఎన్నోసారో ఆయనకే లెక్క లేదు. చెప్పినప్పుడల్లా ఆ వేలెడు కాస్త కాస్త అరిగిపోతోందని, ఇంకో రెండేళ్ళు పోతే నువ్వే గెలుస్తావని ఏడిపించేవాడు. ఆ రోజు మాత్రం ఏడిపించలేదు.

"నువ్వు కాకపోతే ఇంకొకరు నేర్పుతారు. తప్పుగా నేర్పుతారు. ఆ సినిమా ఆడినన్నాళ్ళూ నువ్వు తిట్టుకుంటూ నా ప్రాణం తోడేస్తావు. దానికంటే నువ్వే వెళ్ళడం నాకు క్షేమం" అన్నాడు.

ఆ మాట సబబుగానే తోచింది. మర్నాడు ఫోన్ చేసింది.

ఊరి చివర వాడకుండా పడి ఉన్న ఒక గ్రౌండును సినిమావాళ్ళు బాగుచేశారు. వెనకటి రోజుల్లో లాగా ఎర్రమట్టి పరిచి, రోలరుతో తొక్కించి, సున్నంతో గీతలు గీశారు. ఆ రోజుల్లో పరుగు మొదలుపెట్టేటప్పుడు కాళ్ళు ఆనించుకోవడానికి దిమ్మలు ఉండేవి కావు. ఎవరి గుంట వాళ్ళే చిన్న తాపీతో తవ్వుకోవాలి. ఈల టీచరు మొదటి రోజు అమ్మాయిలిద్దరి చేతా ఆ గుంటలే తవ్వించింది. సాయంత్రం దాకా తవ్వడం, పూడ్చడం, మళ్ళీ తవ్వడం. నటించడానికి వచ్చామా నాట్లు వెయ్యడానికి వచ్చామా అని ఇద్దరూ గుసగుసలాడుకోవడం ఆమె చెవిన పడకపోలేదు.

పంతం ఉన్న పిల్ల వేషం పేరున్న హీరోయిన్‌ది. ఆమె నిజానికి గొంతెత్తి నీళ్ళు కూడా అడగని నెమ్మది మనిషి. పక్కనున్న అమ్మాయి వెనకబడితే తాను కూడా ఆగిపోయి తోడు తీసుకువచ్చేది. భక్తురాలి వేషం ఒక కొత్తమ్మాయిది. అదేమో అగ్గిపిడుగు. మంచినీళ్ళ బిందె దగ్గరికి కూడా అందరికంటే ముందు చేరాలి. ఎవరి వేషం ఎవరికిచ్చారో చూసుకోకుండా ఇచ్చారని ఈల టీచరు ఇంటికి వెళ్ళి భర్తతో చెప్పి నవ్వింది. చాలా కాలం తర్వాత గ్రౌండు కబుర్లు చెబుతూ ఆమె నవ్వడం ఆయన గమనించాడు.

రెండో వారంలో ఆమెకు కథ కాగితాలు చదవమని ఇచ్చారు. చివరి పందెం వచ్చేసరికి ఆమె ముఖం మాడిపోయింది. భక్తురాలు ప్రార్థిస్తుంది, మబ్బులు విడిపోతాయి, ఆమె మీద ఎండ పడుతుంది, గెలుస్తుంది. అంతే. ఈల టీచరు కాగితాలు పట్టుకుని నేరుగా డైరెక్టరు గదిలోకి వెళ్ళింది. ఆయన గొంతెత్తకుండా మాట్లాడే సన్నపాటి మనిషి. ఎవరు ఏం చెప్పినా చివరిదాకా వింటాడు.

దేవుడు ఒక పిల్ల పక్షాన చేరిపోతే రెండో పిల్ల నాలుగేళ్ళు పొద్దున్నే లేచి పరిగెత్తిందంతా బూడిదలో పోసిన పన్నీరేనా అని అడిగింది. ఆ పిల్ల చేసిన తప్పేమిటి, ఎండ ఆమె మీద ఎందుకు పడలేదు అని అడిగింది.

డైరెక్టరు ఆ కాగితాలు అందుకుని, "ఆ సీను నాకూ కుదరడం లేదు టీచర్ గారూ. అబద్ధంలా ఉందని తెలుసు. నిజమేమిటో తెలియడం లేదు. మీకు తెలిస్తే చెప్పండి, మార్చేస్తాను" అన్నాడు.

ఇరవై రెండేళ్ళుగా ఆమె దగ్గర ఉన్నది కోపం. దాన్నే జవాబనుకుంటూ వచ్చింది.

మూడో వారంలో కొత్తమ్మాయి దగ్గర ఒక చిక్కు వచ్చింది. పరుగు బాగానే పట్టుబడింది. కళ్ళు మూసుకుని ప్రార్థించడమే పట్టుబడలేదు. మూసిన రెప్పల కింద కనుగుడ్లు పక్క గీతలో ఎవరున్నారా అని తిరిగేవి. కెమెరాకు అది దొరికిపోతుందని డైరెక్టరు అన్నాడట. ఆ పిల్ల వచ్చి ఈల టీచరు పక్కన గట్టు మీద కూర్చుంది. ఆ టైములో అసలు లోపల ఏమనుకుంటారు మేడమ్ అని అడిగింది. అది తెలియకపోతే తాను ప్రార్థిస్తున్నట్టు ఉండదని, కునికిపాట్లు పడుతున్నట్టు ఉంటుందని అంది.

నాకేం తెలుసు అని ఈల టీచరు కసురుకుంది. ఇంటికి వెళ్ళినా ఆ ప్రశ్న వదల్లేదు. నాలుగేళ్ళు పక్క గీతలో నిలబడి ఆ పెదవులు కదలడం చూసింది. ఆ పెదవులు ఏమంటున్నాయో ఒక్కసారైనా అడగలేదు. గెలుపే అడుగుతోందని తనంతట తానే తీర్మానించుకుంది.

మూడు రోజులు తనతో తాను పోట్లాడుకుని, నాలుగో రోజు పాత మాస్టారు ఇంటికి వెళ్ళి భక్తమ్మ ఎక్కడుందని అడిగింది. ఆయన ఆశ్చర్యపోలేదు. నువ్వు అడిగే లోపు నేను పోతానేమోనని భయపడ్డానమ్మా అని మాత్రం అని, ఒక ఆసుపత్రి పేరు చెప్పాడు.

ఆసుపత్రి వెనక భాగంలో ఒక పొడవాటి గది ఉంది. నడుము ఎత్తున రెండు ఇనప కడ్డీలు, గోడంతా అద్దం, నేల మీద రంగు గీతలు. పక్షవాతం వచ్చినవాళ్ళకూ, కాళ్ళు విరిగి అతికినవాళ్ళకూ అక్కడ మళ్ళీ నడక నేర్పుతారు. ఈల టీచరు తలుపు దగ్గరే ఆగిపోయింది. లోపల భక్తమ్మ ఉంది. జుట్టు సగం నెరిసింది. అంతే తేడా. ఆమె పక్కన ఒక పెద్దాయన కుడికాలు ఈడ్చుకుంటూ కడ్డీ పట్టుకుని నడుస్తున్నాడు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన పోస్ట్‌మాన్ అని వాళ్ళ మాటల్లో తెలిసింది.

"ఊరంతా నడిచిన కాళ్ళు తాతగారూ, ఈ గోడ దాకా నన్ను దాటలేరా?" అంటోంది భక్తమ్మ.

ఆమె మామూలుగా నడవడం లేదు. మడమకు బొటనవేలు ఆనించి, అడుగులో అడుగు వేస్తోంది. అది తనకు తాను పెట్టుకున్న షరతు. ఆ షరతు లోపల మాత్రం ఆమె ఎంత వేగంగా పోగలదో అంత వేగంగానూ పోతోంది. పెద్దాయనకు రోషం వచ్చింది. పళ్ళు బిగించాడు. చివరి మూడడుగుల్లో ఆమెను దాటి గోడకు చెయ్యి ఆనించి, గది అంతా వినబడేలా నవ్వాడు. ఓడిపోయినందుకు భక్తమ్మ నిజంగానే నొచ్చుకున్నట్టు కనబడింది. రేపు చూస్తానంది. ఆ ముఖం ఈల టీచరుకు బాగా తెలుసు.

అప్పుడు భక్తమ్మ తలుపు వైపు తిరిగింది. ముందు ముఖం చూడలేదు, కిందికి బూట్ల వైపు చూసింది.

"ఇంకా ఎడమ మడమే ముందు అరుగుతోందా?" అంది.

ఈల టీచరు కూడా బూట్ల వైపు చూసుకుంది. అవునంది.

ఇద్దరూ ఆసుపత్రి క్యాంటీనులో టీ తెచ్చుకుని ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నారు. పెళ్ళి, పిల్లలు, మోకాళ్ళు, ఇలా పైపై కబుర్లు కాసేపు నడిచాయి. భక్తమ్మ భర్త పోయి ఆరేళ్ళయిందట. కొడుకు తనతోనే ఉంటాడట, వాడికి పరుగంటే చిరాకట, చదరంగం ఆడతాడట. ఆ తర్వాత ఈల టీచరు సినిమా సంగతి చెప్పింది. కొత్తమ్మాయి అడిగిన ప్రశ్న చెప్పింది. అది తన ప్రశ్న కూడా అని చెప్పడానికి ఇంకో గుటక టీ పట్టింది.

"ఎంపిక పందెం రోజున ఏం అడిగావు?"

భక్తమ్మ కప్పు బల్ల మీద పెట్టింది. మామూలుగా అయితే తాను ఏమీ అడిగేదాన్ని కాదంది. చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిందట, దేవుడి దగ్గరికి చేతులు చాపుకుని వెళ్ళకే, కాళ్ళు కడుక్కుని వెళ్ళు చాలు అని. ప్రతి పందెం ముందూ ఒళ్ళు బాగున్నందుకు, నేల గట్టిగా ఉన్నందుకు, అలాంటివాటికి దండం పెట్టుకునేదట.

"ఆ ఒక్క రోజే అడిగాను" అంది భక్తమ్మ. "గెలిపించమని అడిగాను. నిన్ను ఓడించమని అడిగాను. భక్తి నాది, పంతం నీది అనేవాళ్ళు కదా అందరూ. ఆ రోజు నాలో పంతం తప్ప ఇంకేమీ లేదు."

ఈల టీచరు ఇన్నేళ్ళూ అదే అనుకుంది, అదే నిజమైంది, అయినా గెలిచినట్టు అనిపించలేదు.

భక్తమ్మ మిగతాది కూడా చెప్పింది. ఒలింపిక్సులో మొదటి వడపోత పందెంలోనే ఆమె అందరికంటే వెనక వచ్చింది. జబ్బు లేదు, దెబ్బ లేదు. చుట్టూ పెద్ద జనం, చెవులు పగిలే అరుపులు. అందులో ఆమెకు అలవాటైన ఒక చప్పుడు మాత్రం లేదు.

"నాలుగేళ్ళు నా వెనకాల నీ అడుగుల చప్పుడు వింటూ పరిగెత్తాను. ఎడమ అడుగు కాస్త గట్టిగా పడేది. అది దగ్గరపడ్డప్పుడల్లా ఎక్కడి నుంచో బలం వచ్చేది. దేవుడు తోస్తున్నాడనుకునేదాన్ని. అక్కడ ఆ చప్పుడు లేదు, బలమూ రాలేదు. రెండో చుట్టులో నా వెనకాల ఒక్కరు కూడా లేరు. అప్పుడు అర్థమైంది, తోసింది ఎవరో."

"దేవుడు కాదన్నమాట" అంది ఈల టీచరు.

"కాదని నేననలేదు. ఆయన తొయ్యదలుచుకుంటే నిన్నే పంపాడు, నేనేమో నిన్ను పక్కకు తియ్యమని ఆయన్నే అడిగాను. ఆ మాట చెప్పాలనే మీ ఇంటికి వచ్చాను."

ఈల టీచరు తల దించుకుంది. ఆ రోజు తాను ఇంట్లోనే ఉన్నానంది. తెలుసంది భక్తమ్మ. బూట్లు చూశానంది. కోపం రాలేదా అంటే, వచ్చింది, రెండు వీధులు దాటేదాకా ఉంది, తర్వాత నవ్వొచ్చింది, పందెంలో కూడా నువ్వు దాక్కోవడం చేతకాని మనిషివే కదా అనుకున్నానంది.

ఆ తర్వాత ఏడాది పాటు ఆమె ప్రార్థన చెయ్యలేకపోయిందట. కళ్ళు మూసుకుంటే సిగ్గేసేదట. ఆసుపత్రి పనిలో చేరాక మెల్లగా మళ్ళీ మొదలైంది. ఇప్పుడు ఏమనుకుంటావని ఈల టీచరు అడిగింది. ఏమీ అడగనంది. పేర్లు చెప్పుకుంటానంది. పొద్దున పని మొదలుపెట్టే ముందు, ఆ రోజు తన పక్కన నడవబోయే వాళ్ళందరి పేర్లూ వరుసగా చెప్పుకుంటుందట. వాళ్ళు పక్కన ఉన్నందుకే తాను నడుస్తున్నానని చెప్పుకుంటుందట.

"అందులో మొదటి పేరు నీది. ఇన్నేళ్ళుగా నీదే. పక్కన లేకపోయినా" అంది.

ఈల టీచరు చేతిలో కప్పు కింద పెట్టేసింది. తనను ఒంటరిదాన్ని చేసి దేవుడు అవతలి గీతలోకి వెళ్ళిపోయాడని అలిగిన ఇరవై రెండేళ్ళూ ఒక మనిషి రోజూ పొద్దున్నే తన పేరు చెప్పుకుంటోంది. ఆమెకు ఏడుపు వచ్చింది. ఎంపిక పందెం రోజున రానిది ఇప్పుడు వచ్చింది. భక్తమ్మ ఓదార్చలేదు, తన చేతి రుమాలు ముందుకు తోసి, చల్లారిపోతోంది తాగు అంది.

ఆ వారమే భక్తమ్మ తన సెలవు రోజున గ్రౌండుకు వచ్చింది. ఈల టీచరు ఆమెను డైరెక్టరుకు పరిచయం చేసి, నిజం మీరు అడిగారు కదా, తెచ్చానంది. భక్తమ్మ చెప్పిందంతా ఆయన కుర్చీలో ముందుకు వంగి విన్నాడు. కొత్తమ్మాయి నేల మీద కూర్చుని విన్నది. హీరోయిన్ కళ్ళు తుడుచుకుని, మరి మీరిద్దరూ మళ్ళీ ఎప్పుడూ కలిసి పరిగెత్తలేదా అని అడిగింది.

లేదన్నారు ఇద్దరూ. ఆ మాట అయ్యీ అవకముందే ఇద్దరి చూపులూ ఎర్రమట్టి వైపు వెళ్ళాయి.

రెండు వందల మీటర్లు, అంతకంటే ఎక్కువ వద్దు అనుకున్నారు. ఎవరి గుంట వాళ్ళు తవ్వుకున్నారు. లైట్లు పట్టుకునేవాళ్ళు, మేకప్ వాళ్ళు, క్యారియర్లు విప్పబోతున్నవాళ్ళు అందరూ గ్రౌండు చుట్టూ కట్టిన తాడు పక్కకు చేరారు. భక్తమ్మ కళ్ళు మూసుకుని గుండె మీద చెయ్యి పెట్టుకుంది. వెనకటి రోజుల్లో ఆ కాసేపూ పంతం పిల్ల పళ్ళు కొరుక్కునేది. ఈసారి ఆమె పక్క గీతలో కదలకుండా నిలబడింది. భక్తమ్మ పెదవుల మీద తన పేరు కదలడం ఆమెకు స్పష్టంగా కనిపించింది.

అసిస్టెంటు డైరెక్టరు తువ్వాలు ఊపాడు. ఇద్దరూ లేచారు. మలుపులో భక్తమ్మ ముందుంది. మలుపు దాటి తిన్నని దారిలోకి వచ్చేసరికి ఈల టీచరుకు తన ఎడమ అడుగు చప్పుడు తనకే మొదటిసారి వినిపించింది. అది ముందున్న మనిషిని తోస్తోందని తెలిసినా ఆమె తగ్గలేదు. ఇంకా గట్టిగా వేసింది. భక్తమ్మ కూడా తగ్గలేదు. ఇద్దరి వయసూ కలిపితే తొంభై దాటుతుంది, ఆ పరుగులో మాత్రం అది కనిపించలేదని చూసినవాళ్ళు చెప్పుకున్నారు. ఈల టీచరు రెండు మూరల ముందు గీత దాటి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒగర్చింది.

"వదిలేశావా?" అని అడిగింది, ఊపిరి అందాక.

"వదిలేస్తే నువ్వు నా జుట్టు పట్టుకోవా? గెలిచావు. ఊరుకో" అంది భక్తమ్మ. నేల మీద చతికిలబడి, పోస్ట్‌మాన్ తాతగారి లాగే గట్టిగా నవ్వుతోంది.

గెలిచినందుకు ఈల టీచరుకు సంతోషంగానే ఉంది, లేదని అబద్ధం చెప్పడం ఎందుకు. అంతకంటే పెద్ద సంతోషం ఇంకొకటి ఉంది. పక్క గీతలో మనిషి ఉంది.

డైరెక్టరు ఆ రాత్రే చివరి సీను మళ్ళీ రాశాడట. మబ్బులూ ఎండా తీసేశాడు. షూటింగు రోజున కొత్తమ్మాయి గుంటలు తవ్వుకుని, గీత దగ్గర నిలబడి కళ్ళు మూసుకుంది. కనుగుడ్లు కదలలేదు. పెదవులు హీరోయిన్ వేషం పేరును మెల్లగా పలికాయి. కళ్ళు తెరిచి పక్కకు తిరిగి ఆమెను చూసింది. హీరోయిన్ కూడా తిరిగి చూసింది. ఆ నెమ్మది మనిషి కళ్ళలో అంత పంతం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియలేదు. ఒక్క టేకులో అయిపోయింది. పందెం మాత్రం పదకొండు టేకులు పట్టింది, హీరోయిన్‌కు పిక్క పట్టేసింది. భక్తమ్మ అక్కడే ఆమె కాలు ఒళ్ళో పెట్టుకుని సరిచేసింది. ఎవరు గెలవాలో కూడా డైరెక్టరు ముందే చెప్పలేదు, అమ్మాయిలు ఎలా పరిగెత్తితే అలా ఉంచాడు. ఏడో టేకు వాడుకున్నాడు. అందులో కొత్తమ్మాయి గెలిచింది.

సినిమా విడుదలైన వారంలో ఈల టీచరు, ఆమె భర్త, భక్తమ్మ, ఆమె చదరంగం కొడుకు కలిసి మధ్యాహ్నం ఆటకు వెళ్ళారు. పెద్ద జనం లేరు. ఒలింపిక్సు గ్రౌండు అని చూపించిన చోట వెనకాల ఉన్న వాటర్ ట్యాంకు కనబడుతోందని కొడుకు పట్టేశాడు. గీత దగ్గర ఆ పిల్ల కళ్ళు మూసుకుని పక్కపిల్ల పేరు పలికినప్పుడు హాల్లో దగ్గు కూడా వినబడలేదు. ఈల టీచరు పక్కనున్న చెయ్యి పట్టుకుంది. భర్తదనుకుని పట్టుకుంది, అది భక్తమ్మది. అలాగే ఉంచేసింది.

ఇన్నేళ్ళ తర్వాత ఈల టీచరు ఆ వారం అమ్మతో కలిసి ప్రార్థనకు వెళ్ళింది. అమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది. అక్కడ ఏమనాలో ఈల టీచరుకు తెలియలేదు. పేర్లు చెప్పుకుంది. పొడిచేసే మాటలతోనే దారి చూపించిన భర్త, ఎదురుచూసిన మాస్టారు, అడగాల్సిన ప్రశ్న అడిగిన కొత్తమ్మాయి. మొదట మాత్రం ఇంకో పేరు చెప్పుకుంది.

సినిమా చూసిన రోజున హాలు బయట భక్తమ్మ బస్సు ముందు వచ్చింది. కొడుకు ఎక్కేశాడు. ఆమె మెట్టు మీద కాలు పెడుతుండగా ఈల టీచరు పిలిచి, పొద్దున్నే ఎన్నింటికి లేస్తావు, ఆసుపత్రికి వెళ్ళే ముందు మా బడి గ్రౌండుకు రాగలవా అని అడిగింది.

"అయిదింటికల్లా వస్తాను" అంది భక్తమ్మ.

"అయితే నేను అయిదుకు పది నిమిషాల ముందే ఉంటాను."

"నాకు తెలుసులే. నేను పావుగంట ముందు వస్తాను" అంది భక్తమ్మ, బస్సు ఎక్కుతూ.